ఏడు నెలలైనా మట్టిలో కలవని మీ సంచి

వినియోగదారుల సేవా విభాగాధికారి గారికి,

విషయం: చెత్త సంచులపై మీరు ముద్రించిన 'నూరు శాతం మట్టిలో కలిసిపోతుంది' అన్న హామీ గురించి

అయ్యా,

గత ఉగాదికి ముందు మీ ఆకుపచ్చ చెత్త సంచుల చుట్టలు మూడు కొన్నాను. మామూలు సంచులకు దాదాపు రెట్టింపు ధర. అయినా కొన్నది ఆ హామీని, పక్కనే ఉన్న 'పర్యావరణహితం' అన్న మాటను నమ్మే. మా పెరట్లో ఎరువు గుంత ఉంది. వంటింటి చెత్తను సంచులతో సహా అందులోనే వేశాను.

కార్తీకంలో వంగ మడికని ఎరువు తవ్వితే తొక్కలు, ఆకులు చక్కగా నల్లబడి మాగాయి. సంచులు మాత్రం పీలికలై పారకు చుట్టుకున్నాయి. ఒకటి కడిగి చూశాను. మీ ఆకు బొమ్మ, దాని కింది అక్షరాలు చెక్కుచెదరలేదు. అమ్మా నేనూ రెండు రోజులు కూర్చుని ఏరాం. చేతికి చిక్కనంత చిన్న ముక్కలు ఆ మట్టిలోనే ఉండిపోయాయి. మేం తినే కూర పండేది అందులోనే. నా బాధంతా దాని గురించే.

ఫోను చేస్తే, పెద్ద కంపోస్టు కేంద్రాల్లో ఎక్కువ వేడి మీదే ఆ సంచి కుళ్లుతుందని మీ ఉద్యోగి చెప్పారు. మరి ఆ ముక్క పెట్టె మీద ఎందుకు లేదు? మా మున్సిపాలిటీ బండి చెత్తనంతా డంపింగ్ యార్డులో గుమ్మరిస్తుంది. అక్కడా మీ సంచికి ఆ వేడి దొరకదు.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం తగిన వివరణ, ఆధారం లేకుండా 'పర్యావరణహితం' వంటి మాటలు వాడకూడదు. కంపోస్టు అవుతుందంటే అందుకు ధ్రువపత్రమో నమ్మదగిన శాస్త్రీయ ఆధారమో ఉండాలి. ఇలాంటి సంచులు అమ్మడానికి ముందే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం పొందాలని ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలూ చెబుతున్నాయి. మీ పెట్టె మీద ఏ ధ్రువపత్రం సంఖ్యా లేదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మీ అమ్మకాల పేజీ తెరుచుకుంటోంది, అంతే.

ధ్రువపత్రం నకలు, పరీక్ష నివేదిక నాకు పంపండి. ఇంటి గుంతలో కుళ్లదన్న సంగతి ముందువైపునే, తెలుగులో కూడా, పెద్ద అక్షరాలతో వేయండి. అది జరిగేదాకా ఈ పెట్టెలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకోండి. నా డబ్బు తిరిగి ఇవ్వడం వీటి తరువాతి సంగతి.

15 రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ప్రాధికార సంస్థకూ రాస్తాను. ఏరిన పీలికలు, కొన్న రసీదు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. రెండింటి ఫొటోలు జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ వినియోగదారు