టీ కొట్టు దగ్గర కట్టబొమ్మన్

చెన్నై, వడపళని
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరం ఏంట్రా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనిస్తే కదా! పదో మాటకే "సర్లే, పిల్లలెలా ఉన్నారు?" అంటావు. అందుకని కాగితం తీశాను, ఇప్పుడు అడ్డం రాలేవు. కాఫీ కలుపుకుని కూర్చో, కొంచెం పొడుగే.

పోయిన ఆదివారం పొద్దున్నే మా వీధిలో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయేసరికి అపార్ట్‌మెంటంతా కిందికి దిగింది. దిగినవాళ్ళు దిగినట్టే వీధి చివర టీ కొట్టుకి చేరారు. నువ్వున్నప్పుడు అక్కడ అద్దె సైకిళ్ళ షాపు ఉండేది చూడు, అదే చోటు. టీ మాస్టర్ తిరునెల్వేలి వైపు మనిషి. మూడో అంతస్తులో మధురై నుంచి వచ్చిన లెక్చరర్ గారున్నారు, కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. నాలుగో అంతస్తులో గుంటూరు కుర్రాడు, ఓఎమ్మార్‌లో ఐటీ ఉద్యోగం. ఇంకా కొట్టు పక్కన పూలబుట్ట పెట్టుకుని కూర్చునే అక్క. ఆ అక్కని గుర్తుపెట్టుకో, చివర్లో పనికొస్తుంది.

2024 ఫిబ్రవరిలో విజయ్ పార్టీ పెట్టిన దగ్గర్నుంచీ ఆ కొట్టులో టీ ప్రశాంతంగా తాగినవాడు లేడు. ఆ ఏడాది అక్టోబరులో విక్రవాండి సభలో పెరియార్, కామరాజ్, అంబేద్కర్ల పక్కన శివగంగ రాణి వేలు నాచియార్ కటౌట్ కూడా నిలబెట్టారు కదా, ఆ మర్నాడు నా పక్కన నిలబడ్డాయన "ఎవరా రాణి, ఏ సినిమాలోది?" అని అడిగాడు. నవ్వకు. పాపం, ఆయనకి కటౌట్ అంటే సినిమాయే.

ఆ రోజు కూడా అక్కడే మొదలైంది. గుంటూరు కుర్రాడు "ఈ రెండు రాష్ట్రాల్లో హీరో అయితే చాలండీ, సీఎం కుర్చీ ఖాయం" అన్నాడు. లెక్చరర్ గారు గ్లాసు కింద పెట్టి "అయితే శివాజీ గణేశన్ 1989లో తిరువయ్యారులో ఎందుకు ఓడాడు? అదే ఏడు మీ ఎన్టీఆర్ కల్వకుర్తిలో ఎందుకు ఓడాడు?" అన్నారు. కుర్రాడికి కల్వకుర్తి సంగతే తెలీదు, వాడు పుట్టక ముందు మాట. మాస్టర్ మాత్రం పాల గిన్నె వదలకుండానే అన్నాడు: "ఓటు వెయ్యకపోతే ఏమి సార్, కట్టబొమ్మన్ అంటే శివాజీయే."

కట్టబొమ్మన్ అంటే తెలుసుగా, తెల్లవాళ్ళని ఎదిరించిన తిరునెల్వేలి వైపు పాళెగాడు. అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. నీకు తెలుసుగా నా సంగతి. "కట్టబొమ్మన్ ఇంట్లో మాట్లాడింది తెలుగే కదా మాస్టర్" అనేశాను.

చెంచాల చప్పుడు ఆగిపోయింది. మాస్టర్ నావంక చూసిన చూపు ఉంది చూశావూ, ఇక ఈ జన్మలో నాకు అప్పు పెట్టడనుకున్నాను. "అదెట్లా సార్? జాక్సన్ దొరతో అంత డైలాగూ తమిళంలోనే కదా చెప్పాడు!"

చూడు మరి. 1798లో రామనాథపురంలో కలెక్టర్ జాక్సన్‌కీ కట్టబొమ్మన్‌కీ నిజంగానే గొడవ జరిగింది. మరుసటి ఏడు అక్టోబరు 16న కయత్తారులో ఆయన్ని ఉరి తీశారు. అది చరిత్ర. కానీ మాస్టర్ చెవిలో మోగుతున్నది 1959 నాటి సినిమా. శివాజీ గొంతు. దుబాసీ లేకుండా ఆ ఇద్దరి మధ్య మాట సాగేదా అన్న ఆలోచన ఆయనకే కాదు, నాకూ అంతకుముందు ఎన్నడూ రాలేదు.

గుంటూరు కుర్రాడు మాత్రం వెలిగిపోయాడు. "అంటే మనోడే!" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ లోపల కాస్త పొంగింది. ఇన్నేళ్ళుగా "గుల్టీ" అనిపించుకుంటూ బతికిన ప్రాణం కదా. మనమేం తక్కువ తిన్నామా, వాళ్ళని అరవోళ్ళంటూనే పెరిగాం.

లెక్చరర్ గారు నెమ్మదిగా మొదలుపెట్టారు. "మీరన్నది నిజమే, వాళ్ళది రాజకంబళం నాయకుల కులం, ఇంటి భాష తెలుగు. తీసుకుపోండి, అభ్యంతరం లేదు. అయితే ఎట్టయపురం పాళెగాళ్ళూ అదే వర్గం, అదే భాష. కట్టబొమ్మన్‌ని తీసుకుంటే ఎట్టప్పన్‌ని కూడా మూట కట్టుకుని పోవాలి."

ఆ ఎట్టయపురం పాళెగాడు ఎట్టప్పన్ తెల్లవాళ్ళ పక్షం చేరి కట్టబొమ్మన్‌ని దెబ్బతీశాడని తమిళంలో ఎట్టప్పన్ అంటే వెన్నుపోటుదారని తిట్టు. కొట్టంతా గొల్లుమంది. కుర్రాడు ఫోన్లోకి తల దూర్చాడు.

ఆయన అంతటితో వదల్లేదు. ఈ మాట విను, నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. తమిళనాట కట్టబొమ్మన్ పేరు ఊరూరా మోగేలా పుస్తకం రాసి, ఉపన్యాసాలిచ్చి ప్రచారం చేసినవారు మ.పొ. శివజ్ఞానం. ఎవరనుకున్నావు? మనవాళ్ళు "మద్రాస్ మనదే" అని వీధికెక్కినప్పుడు, తల ఇచ్చైనా తలనగరాన్ని కాపాడుకుంటామని ఎదురు నినాదం ఇచ్చినాయన. తిరుత్తణి కోసం పోరాడినాయన. 1960లో తిరుత్తణి వాళ్ళకి పోయింది కదా, అందులో ఆయన చెయ్యి పెద్దది. తెలుగువాళ్ళతో ఊరి కోసం కొట్లాడుతూనే, ఇంట్లో తెలుగు మాట్లాడిన పాళెగాడిని నెత్తిన పెట్టుకున్నాడు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో నువ్వు చెప్పు. నాకైతే ఆయన మీద కోపం రాలేదు, గౌరవమే పెరిగింది.

కుర్రాడు మళ్ళీ తేరుకున్నాడు. సీతారామరాజు, కొమురం భీము కలిసి ఢిల్లీలో తెల్లవాళ్ళతో తలపడ్డారు కదా, మనకేం తక్కువ హీరోలు అన్నాడు. ఆర్ఆర్ఆర్ సినిమా తీసినవాళ్ళే అది కల్పన అని చెప్పుకున్నారు, అయినా వీడికది పాఠమైపోయింది. రాజుగారిని 1924 మే 7న కాల్చేశారనీ, భీము జోడేఘాట్‌లో నేలకొరిగింది 1940లో అనీ చెప్పాను. "అయితే కలవలేదా?" అని అంత దిగులుగా అడిగాడురా, చెప్పి పాపం చేశానా అనిపించింది.

వాణ్ణి చూసి నవ్వుకుంటూ మెట్లెక్కుతుంటే నా సంగతి తట్టింది. సీతారామరాజు అనగానే నా కళ్ళ ముందుకొచ్చేది ఎవరు? 1974 నాటి సూపర్‌స్టార్ కృష్ణ. కృష్ణదేవరాయలంటే? ఎన్టీఆర్. 1956లో తెనాలి రామకృష్ణ తెలుగులో తీసినా తమిళంలో తీసినా రాయలు ఆయనే, మళ్ళీ 1962లో మహామంత్రి తిమ్మరుసులోనూ ఆయనే. రాయల్ని ఎదురుగా నిలబడి చూసిన పోర్చుగీసు పాయెస్ ఏం రాశాడో తెలుసా? మధ్యస్థంగా ఉంటాడు, కొంచెం లావు, మొహం మీద మశూచి మచ్చలున్నాయి అని. తిరుమలలో గుడిలోపల ఇద్దరు దేవేరులతో కుళ్ళాయి పెట్టుకుని దణ్ణం పెడుతున్న విగ్రహం కూడా ఉంది. మనం చిన్నప్పుడు దాని పక్కనుంచే తోసుకుంటూ వెళ్ళాం. చూశామా? ఆ మచ్చల మనిషిని నా బుర్ర ఒప్పుకోదు బావా. మా నాన్న లైటు పట్టిన మొహాన్నే రాయలంటుంది.

నాన్నంటే గుర్తొచ్చింది. మాయాబజార్‌కి వాహినిలో లైటు పట్టానని ఆయన చచ్చేదాకా చెప్పాడు. ఏ సీనుకో మాత్రం రోజుకొకటి. 1983 జనవరిలో ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం రోజున మన సందులో ఎంత హడావిడో నీకు గుర్తుండాలి. "మన కృష్ణుడు ముఖ్యమంత్రి అయ్యాడ్రా" అంటూ నాన్న అప్పుచేసి మైసూర్‌పాక్ పంచాడు. పక్కింటి తమిళ మేకప్ ఆయన "మా ఎంజీఆర్ ఆరేళ్ళ కిందే అయ్యాడు" అని ఎగతాళి చేశాడు. ఆ ఇద్దరి వాదన ఎంత విచిత్రమో ఇప్పుడు తెలుస్తోంది. 1964లో రాముడు భీముడులో ఎన్టీఆర్ కవలలు. మరుసటి ఏడు అదే కథని నాగిరెడ్డిగారు తమిళంలో తీస్తే ఎంజీఆర్ కవలలు. రెండిటికీ దర్శకుడు మన తాపీ చాణక్యే. అందులో ఎంజీఆర్ కొరడా పట్టుకుని పాడిన పాట ఆ తర్వాత ఎన్నికల సభల్లో మారుమోగింది. ఒకే కథ ఇద్దరికీ కుట్టారు, ఇద్దరికీ సరిపోయింది. 1983లో ఆ ఇద్దరే కూర్చుని ఈ ఊరికి కృష్ణ నీళ్ళ సంగతి తేల్చారు. తెలుగుగంగ. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు వదలాలన్న మాట 1976 నుంచీ ఉంది, కాలవ కదిలింది మాత్రం వీళ్ళ హయాంలో. నీళ్ళు ఇక్కడి పూండి జలాశయం చేరేసరికి 1996 అయింది. అప్పటికి ఇద్దరూ లేరు. మాస్టర్ గ్లాసులో సగం ఆ నీళ్ళే అయ్యుంటాయి, అవి తాగుతూ కట్టబొమ్మన్ కోసం కొట్టుకున్నాం.

సరే, అసలు సంగతికొస్తాను. ఆ గొడవంతటిలో, మద్రాస్ మనదే అన్న మాట వచ్చినప్పుడు కూడా, ఒక్కరి నోటా పొట్టి శ్రీరాములు పేరు రాలేదు. నా నోటా రాలేదు. రాత్రి పడుకున్నాక తట్టింది. లేచి తేదీలు వెతికాను. 1952 అక్టోబరు 17, దీపావళి. పరాశక్తి విడుదలైంది, కరుణానిధి మాటలు, శివాజీ మొదటి సినిమా. ఊరంతా ఆ కోర్టు సీను గురించే. రెండు రోజులు తిరక్కుండా, 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారింట్లో ఈయన తిండి మానేశాడు. ఒకే ఊరు, ఒకే వారం. అక్కడ మొదలైన కరుణానిధి గొంతు పెరిగి పెరిగి కోటలో ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చుంది. ఇక్కడ 58 రోజులు గొంతు సన్నగిల్లుతూ పోయి డిసెంబరు 15న ఆగింది. నాలుగు రోజులకి నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించాడు, మద్రాసు మాత్రం లేకుండా. చెవిలో మోగడానికి ఆయన డైలాగేదీ నాకు తెలీదు. తిండి మానేసిన మనిషి వేషానికి ఏ హీరో కాల్షీట్లిస్తాడు చెప్పు?

మొన్న శనివారం అక్కడికి వెళ్ళాను. యాభై దాటాక మొదటిసారి, సిగ్గుపడాల్సిందే. ఆటోవాడికి స్మారక భవనం అంటే తెలీలేదు. రాయపేట హైరోడ్డులో సంస్కృత కాలేజీ దగ్గర అంటే తెలిసింది. దారిలో "ఎవరు సార్ ఆయన?" అని అడిగాడు. చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగి "యాభై ఎనిమిది రోజులా? ఏమీ తినకుండానా?" అన్నాడు. అవునన్నాను. "అయినా మద్రాస్ మీకు రాలేదు కదా సార్" అన్నాడు. ఎగతాళి లేదు, పాపం అన్నట్టు అన్నాడు. దిగేటప్పుడు మీటర్ మీద పది రూపాయలు ఎక్కువ అడగలేదు. చెన్నై ఆటోవాడు! ఇది మాత్రం చరిత్రలోకి ఎక్కాల్సిన విషయం.

లోపల ఆయన పటం ముందు కాసేపు నిలబడ్డాను. హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయానికి ఈయన పేరు తీసి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టినప్పుడు మనిద్దరం ఫోన్లో ఎంత అరుచుకున్నాం! నువ్వు అక్కడివాడివైపోయావు, నేను ఎక్కడివాణ్ణో నాకే తెలీదు. సురవరం వారు మాత్రం తక్కువ మనిషా, నువ్వన్నది నిజమే. కానీ ఆ రోజు నేను అరిచినంతసేపూ ఈయన మొహం ఎలా ఉంటుందో నాకు సరిగ్గా గుర్తులేదు. అది నీకు చెప్పలేదు.

పూలక్క సంగతి మర్చిపోయాననుకున్నావా? ఆ ఆదివారం గొడవ ముదిరినప్పుడు ఆవిడ చేమంతులు కడుతూనే అంది: "ఏంటికి సార్ ఇంత గలాటా? మా ఇంట్లో కూడా తెలుగే. చదవను రాదు, మా అమ్మకీ రాదు. మా ఆయన తాగినప్పుడు కట్టబొమ్మన్ మాదిరి అరుస్తాడు. అదీ అరవంలోనే." మాస్టర్ నవ్వలేక టీ ఒలకబోసుకున్నాడు. నాకు ఆ పూట టీ అప్పుగానే దొరికింది.

ఇక నీతో పని. 1976లో అన్నపూర్ణ స్టూడియో కట్టినప్పుడే ఇక్కడి సామాను మూటలు కదలడం మొదలైంది, కొన్నాళ్ళకి మీరూ వెళ్ళిపోయారు, మా నాన్న కదలనన్నాడు. ఆయన ఉండగా నేను అడగలేదు. విజయా వాహిని ఫ్లోర్లు పోయి మాల్ వచ్చింది, ఇక్కడ అడగడానికి ఎవరూ మిగల్లేదు. మీ తాతగారు 1952లో సెట్‌లకి రంగులేసేవారు కదా, బాబాయ్‌కి అప్పటికి పన్నెండేళ్ళుండాలి. ఆ డిసెంబరులో మైలాపూరు వెళ్ళారా, ఆ ఊరేగింపు చూశారా, ఆ రోజు షూటింగులు ఆపారా, ఇవన్నీ అడిగి రాయి. బాబాయ్‌కి మధ్యాహ్నం పడుకుని లేచాక మూడ్ బాగుంటుంది, అప్పుడడుగు. చెవుడు కదా, కుడివైపు కూర్చో.

నీ
వడపళని వాడు