ఇష్టమున్న పిల్లల్నే పిలవండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

విజయనగరం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చదువుకుంటున్న ఇద్దరు ఆడపిల్లల తల్లి నమస్కరించి రాసుకుంటున్నది.

బడిలో పెట్టే ర్యాలీలకీ, డాన్సులకీ ఇష్టం లేని పిల్లల్ని కూడా బలవంతంగా రమ్మంటున్నారు, రానివాళ్ల పేర్లు జాబితా పెడుతున్నారు. ఈ సంగతి ముందు బడిలో చెప్పుకున్నాం. తర్వాత మండలంలో చెప్పుకున్నాం. సోమవారం అర్జీల రోజున జిల్లా కేంద్రానికి వెళ్లి, వరసలో నిలబడి, కాగితం ఇచ్చి రసీదు తెచ్చుకున్నాం. కొన్నాళ్లకి ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోనుకి మెసేజీ వచ్చింది. ఏం పరిష్కరించారో, ఎవరిని పిలిచి అడిగారో మాకు తెలీదు. మమ్మల్ని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ వారంలోనే బడిలో మళ్లీ ర్యాలీ పెట్టారు. ఇక మీకు చెప్పుకోవడం తప్ప దారి కనపడక, నలుగురూ చదివేలా ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా పెద్దమ్మాయి పదో తరగతి, చిన్నది ఎనిమిదో తరగతి. చిన్నదానికి కోలాటమంటే ప్రాణం. బడిలో ఏ కార్యక్రమం ఉన్నా ముందురోజు రాత్రే జడకి రిబ్బన్లు, గాజులు సర్దుకుని పడుకుంటుంది. పెద్దదానికి పదిమంది ముందు ఆడమంటే చేతులు చల్లబడిపోతాయి. దాని సరదా లెక్కలు, బొమ్మలు వేయడం. ఇద్దరూ మంచి పిల్లలే, ఇద్దరికీ వాళ్ల బడంటే ఇష్టమే. కానీ ఈ ఏడాది నా ఇంట్లో అక్కాచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. ‘అక్కకి స్కూలంటే ప్రేమ లేదంట, మా సార్ అన్నారు’ అని చిన్నది అంది. పెద్దది కంచం ముందునుంచి లేచి వెళ్లిపోయింది. ఒక ప్రభుత్వ బడి నా ఇంట్లోకి ఇలాంటి మాట పంపుతుందని నేను ఎప్పుడూ అనుకోలేదండి.

తరగతిలోనూ ఇదే తంతు. చేస్తామనే పిల్లలొక జట్టు, చేయలేమనే పిల్లలొక జట్టు. చేసేవాళ్లకి రానివాళ్లమీద కోపం, వీళ్లవల్ల లైను సరిగా రావడం లేదని, సార్ అందర్నీ తిడుతున్నారని. రానివాళ్లకి చేసేవాళ్లమీద కోపం, పేర్లు రాసి ఇచ్చేది వీళ్లేనని. పేర్లు రాయించడం నిజమే. మా పిల్లల తరగతుల వాట్సాప్ గ్రూపులో ‘సహకరించని విద్యార్థులు’ అని పైన రాసి, కింద వరసగా పేర్లు పెట్టారు. అందులో నా కూతురి పేరుంది. జ్వరంతో మంచం మీదున్న పిల్ల పేరుంది. వాళ్ల నాన్నతో పొలానికి పోవలసి వచ్చిన పిల్లాడి పేరుంది. ఆ గ్రూపులో తల్లిదండ్రులంతా ఉన్నారు. మా వీధిలో ఒకావిడ కుళాయి దగ్గర నన్ను ఆపి, ‘మీ పెద్దమ్మాయి ఏం చేసిందేటి?’ అని అడిగింది. ఏం చేసిందని చెప్పను? ఎనిమిదో పీరియడ్‌లో ఎండలో డాన్సు ప్రాక్టీసు చేయలేనంది, లెక్కల నోట్సు పూర్తి చేసుకుంటానంది. అంతే.

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదని ఒక్కటే చెప్పలేదు, మానసికంగా వేధించకూడదని కూడా చెప్పింది. పదిహేనేళ్ల పిల్ల పేరు ఊరందరూ చూసేచోట తప్పు చేసినట్టు పెట్టడం వేధింపు కాకపోతే మరేమిటో మీ అధికారులు చెప్పాలి.

నేను ఇంట్లో మిషను మీద బట్టలు కుడతాను. అందువల్ల ఈ కార్యక్రమాల ఖర్చు ఎవరింట్లో ఎంత బరువో నాకు దగ్గరగా తెలుసు. మీరిచ్చిన విద్యార్థి మిత్ర కిట్‌లో యూనిఫాం వచ్చింది, బూట్లొచ్చాయి, బెల్టొచ్చింది. ఆ యూనిఫాంలోనే పిల్లలు వస్తే ఏ తల్లికీ బాధ లేదు. కానీ ఆగస్టులో జెండా ర్యాలీకి ఒక వరస కాషాయం చున్నీలు, ఒక వరస తెల్లవి, ఒక వరస ఆకుపచ్చవి వేసుకు రమ్మన్నారు. ఇంకో కార్యక్రమానికి తెల్ల చుడీదార్లు. కోలాటానికి లంగా ఓణీలు. ముందురోజు సాయంత్రం చెబుతారు, తెల్లారేసరికి కావాలంటారు. ఒకామె తన పాత తెల్లచీర తెచ్చింది. దానికి కొంగు దగ్గర చిరుగు, మధ్యలో పసుపు మరక. ఆ మరక లోపలికి మడతలో పోయేలా, చిరుగు కుట్టులో కలిసిపోయేలా కత్తిరించి, రాత్రి కూర్చుని వాళ్ల పిల్లకి పైజామా, టాప్ కుట్టాను. కూలి తీసుకోవడానికి చెయ్యి రాలేదు. మర్నాడు ఆ పిల్లని వెనక వరసలో నిలబెట్టారట, మిగతావాళ్ల తెలుపులో దాని తెలుపు కలవడం లేదని, ఫొటోలో తేడా వస్తుందని. ఆ పిల్ల చేస్తానన్న జట్టులోదే. ఇష్టంగా వచ్చిన పిల్ల. ఇప్పుడు అది కూడా రానంటోంది.

ఇదంతా ఎందుకు జరుగుతోందో నాకు అర్థమైనంతలో చెబుతాను. పైనుంచి కార్యక్రమం వస్తుంది, దానితోపాటు ఎంతమంది పాల్గొన్నారో చెప్పాలనీ, ఫొటోలు పెట్టాలనీ వస్తుంది. తలల లెక్క తగ్గితే హెడ్మాస్టరు (హెచ్ఎం) గారికి ఫోను. హెచ్ఎం గారు ఆటలు నేర్పే పీఈటీ సారుని అడుగుతారు, ఆయన క్లాస్ లీడర్ని అడుగుతారు, లీడరు తోటి పిల్లల పేర్లు రాస్తుంది. మాస్టార్లని నేను తప్పుపట్టడం లేదు. మా తెలుగు మాస్టారు పాఠం మధ్యలో సుద్దముక్క పక్కన పెట్టి ఫొటో అప్‌లోడ్ కాలేదని బయటికి పరిగెత్తడం మా పిల్లలు చెబితే జాలేసింది. ఆయన ఆ మాట ఎక్కడ చెప్పుకుంటారు?

2025 జూన్‌లో యోగా దినోత్సవానికి విశాఖలో యోగాంధ్ర కార్యక్రమం జరిగింది. ముందురోజు ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ మైదానంలో 20 వేలకు పైగా గిరిజన విద్యార్థులు 108 నిమిషాల్లో 108 సూర్య నమస్కారాలు చేశారు. గిన్నిస్ రికార్డొచ్చింది. నేను టీవీలో చూసి సంతోషించాను, ఆ పిల్లల క్రమశిక్షణకి దణ్ణం పెట్టాలి. ఆ సంబరాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ అప్పట్నుంచి మా దగ్గర ప్రతిదానికీ ‘నూరు శాతం’ అనే మాట పట్టుకుంది. బడులు తెరిచిందే జూన్ 12న. యోగా అయ్యింది. ఆగస్టులో జెండా. ఆగస్టు 29న క్రీడా దినోత్సవం. సెప్టెంబరులో స్వచ్ఛత పక్షోత్సవం. అక్టోబరు 31న ఐక్యతా పరుగు. నవంబరు 14 బాలల దినోత్సవం, 26 రాజ్యాంగ దినోత్సవం. మధ్యలో మెగా పేరెంట్ టీచర్ మీటింగులు, నెలనెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర శుభ్రత కార్యక్రమం. వీటిలో ఏ ఒక్కటీ చెడ్డది కాదు. ఒక్కోదానికి వెనక ఎన్ని రోజుల ప్రాక్టీసు ఉంటుందో, ఆ ప్రాక్టీసు ఏ పీరియడ్లని మింగుతోందో ఎవరైనా కలిపి చూశారా అని అడుగుతున్నాను. విద్యాహక్కు చట్టంలో 6 నుంచి 8 తరగతుల పిల్లలకి ఏడాదికి 220 పనిదినాలు, 1,000 గంటల బోధన అని రాసి ఉంది. కోలాటం ప్రాక్టీసులో పోయిన లెక్కల పీరియడ్ ఆ వెయ్యి గంటల్లో వస్తుందా, రాదా?

పదో తరగతికి వంద రోజుల ప్రణాళిక మీ శాఖే పెట్టింది. పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్లిప్ టెస్టు. అదే పిల్లని అదే రోజు మధ్యాహ్నం మార్చ్‌పాస్ట్‌కి పిలుస్తారు. రాకపోతే హాల్ టికెట్ మీద సంతకం పెట్టబోమని బెదిరిస్తారు. ఇది నోటిమాటగానే అంటారు, కాగితం మీద ఉండదు. నా కూతురు మాత్రం ఆ మాట నమ్మింది. రాత్రి లేచి కూర్చుని ‘అమ్మా, నిజంగా ఇవ్వరా?’ అని అడిగింది.

ఒక పెద్దమనిషి మా ఊరికి వచ్చిన రోజు సంగతి కూడా మీకు తెలియాలి. ఆయనెవరో రాయను, నాకు ఆయన మీద పగ లేదు. బడి గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా రెండువైపులా పిల్లల్ని నిలబెట్టారు, చేతిలో బంతిపూల రేకులు. పొద్దున ప్రేయర్ అవగానే నిలబెడితే ఆయన కారు మధ్యాహ్న భోజనం వేళ దాటాక వచ్చింది. ఆడపిల్లలు అక్కడినుంచి కదలడానికి లేదు. నెలసరిలో ఉన్న ఒక పిల్ల టీచరమ్మని అడగలేక, అక్కడ నిలబడలేక ఏడ్చేసింది. చేతుల్లో రేకులు వాడిపోయి ముద్దయ్యాయి. కారు ఆగలేదు. పిల్లలు వెనక్కొచ్చేసరికి అన్నం చల్లారిపోయింది. ఆ రోజు చేస్తామన్న జట్టు, చేయలేమన్న జట్టు ఇద్దరూ కలిసే నిలబడ్డారు, ఇద్దరూ ఒకేలా అలిసిపోయి వచ్చారు. అప్పుడైనా ఒకళ్లనొకళ్లు అర్థం చేసుకుంటారనుకున్నాను. మర్నాడు మళ్లీ పేర్ల జాబితా వచ్చింది.

ఇంకొక మాట కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. కొందరు పిల్లల ఇళ్లలో ప్రార్థన పద్ధతి వేరు, కొన్ని పనులు చేయకూడదన్న నమ్మకం ఉంటుంది. అలాంటి ఒక పిల్లాడు సూర్య నమస్కారాలప్పుడు పక్కన నిశ్శబ్దంగా నిలబడతానన్నాడు. అల్లరి చేయలేదు, ఎవరినీ ఆపలేదు. తోటి పిల్లలు వాడిని దేశం మీద ప్రేమ లేనివాడన్నారు. పదమూడేళ్ల పిల్లల నోట ఆ మాట! ఇది ఎప్పుడో తేలిపోయిన విషయం కదండీ. కేరళలో ముగ్గురు అన్నాచెల్లెళ్లు జాతీయగీతం వచ్చినప్పుడు మర్యాదగా లేచి నిలబడ్డారు కానీ తమ మతవిశ్వాసం వల్ల పాడలేదు. 1985లో వాళ్లని బడినుంచి పంపేశారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లని తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుందని, మన రాజ్యాంగం దాన్ని ఆచరిస్తుందని, దాన్ని పలచన చేయొద్దని ఆయన ఆ తీర్పులో రాశారు. జాతీయగీతం విషయంలోనే నిశ్శబ్దంగా నిలబడే హక్కు ఉంటే, కోలాటానికీ ర్యాలీకీ ఆ పాటి హక్కు లేదా?

దేశభక్తి పిల్లలకి అక్కర్లేదని ఎవరూ అనడం లేదు. రోజూ పొద్దున బడిలో ప్రతిజ్ఞ చెబుతారు. అది రాసింది నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకటసుబ్బారావు గారు, 1962లో, ఇక్కడే విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉద్యోగం చేస్తూ రాశారు. దానికి చున్నీలు అక్కర్లేదు, ఫొటోలు అక్కర్లేదు, చదువు ఆగదు. నా ఇద్దరు పిల్లలూ పక్కపక్క వరసల్లో నిలబడి చెబుతారు. దాని మీద మా బడిలో ఇంతవరకు ఒక్క గొడవ రాలేదు.

కాబట్టి మిమ్మల్ని వేడుకునేది ఇది. ఏ కార్యక్రమమైనా పెట్టండి, కానీ ఎవరొస్తారని పిల్లల్ని ముందు అడగనివ్వండి. వచ్చేవాళ్లని సంతోషంగా ఆడనివ్వండి, నా చిన్నదానిలాంటి పిల్లలు ప్రతి బడిలో చాలామంది ఉన్నారు, వాళ్లతో నిండుగా జరుగుతుంది. ఆడలేని పిల్లకి బోర్డు మీద బొమ్మ వేసే పని ఇవ్వండి, ముగ్గు గీసే పని, మైకు చూసుకునే పని ఇవ్వండి, లేదా లైబ్రరీలో కూర్చోనివ్వండి. ప్రాక్టీసులు పుస్తకాల సంచి లేకుండా బడికొచ్చే శనివారం నో బ్యాగ్ డే రోజున పెట్టమనండి, చదువు పీరియడ్లు ముట్టుకోవద్దనండి. యూనిఫాం తప్ప వేరే బట్టలు అడగొద్దనండి. పదో తరగతి పిల్లల్ని పరీక్షలయ్యేదాకా వదిలేయమనండి. పెద్దలొచ్చినప్పుడు పిల్లల్ని రోడ్డు పక్కన నిలబెట్టడం పూర్తిగా ఆపించండి. అన్నిటికన్నా ముందు, రానివాళ్ల పేర్ల జాబితాలు ఆపించండి. తలల లెక్క అడగడం ఆపించండి. లెక్క అడగకపోతే జాబితా రాదు, జాబితా రాకపోతే మా పిల్లలు రెండు జట్లుగా చీలరు.

వాట్సాప్‌లో పెట్టిన ఆ జాబితాని తీయించి, ఆ పిల్లలు ఏ తప్పూ చేయలేదని అదే గ్రూపులో బడి చేత ఒక్క మాట రాయించండి. ఇది డబ్బుతో పని కాదు, కమిటీలతో పని కాదు.

జనవరి 26 వస్తోంది. ప్రాక్టీసు మొదలైపోయింది. చిన్నది రోజూ సాయంత్రం కోలాటం కర్రలతో ఇంటికి వస్తోంది, దాని సంతోషం నేనెందుకు కాదంటాను. పెద్దది రెండు రోజులుగా బడికి వెళ్లనంటోంది. మార్చిలో దానికి పబ్లిక్ పరీక్షలు. గణతంత్ర దినోత్సవం లోపే బడులన్నిటికీ రాతపూర్వకంగా ఒక ఉత్తర్వు పంపండి. దాని నకలు నోటీసు బోర్డు మీద అతికించమనండి, పిల్లలే చదువుకుంటారు. ఈసారి దయచేసి పరిష్కరించబడినదని మెసేజీ పంపించకండి. ఏం చేశారో జవాబు రాయించండి.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల విద్యార్థినుల తల్లి,
విజయనగరం జిల్లా