ఒరేయ్ శీనూ, ముందు ఆ కాళ్ళ వాపు సంగతి

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను. లావైపోతానన్న భయంతో తిండి మాన్పించే ఆ అనొరెక్సియా జబ్బుకి ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చావు, ఇప్పుడేమో కాళ్ళు వాచాయనీ, పొట్ట ఒక్కటే వస్తోందనీ బెంబేలెత్తుతున్నావు. ఫోన్ చేస్తే సగం విని "సర్లేరా" అని పెట్టేస్తావు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఆస్పత్రిలో డైటీషియన్‌గా రోజూ నలుగురికీ చెప్పేవే ఇవన్నీ. నిన్నయితే కాస్త తిట్టి మరీ చెప్పొచ్చు, అదొక్కటే తేడా.

చాన్నాళ్ళు తిండి లేని ఒంటికి మళ్ళీ అన్నం అందడం మొదలవగానే అది ఉప్పునీ నీళ్ళనీ పట్టి ఉంచేస్తుంది. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోందన్నావే, అదే ఇది. మొదటి వారాల్లో కాటా మీద గబుక్కున పెరిగినదాంట్లో చాలా భాగం నీళ్ళే, కొవ్వు కాదు. కొన్ని వారాల్లో మామూలుగా అదే తగ్గుతుంది. పడుకునేటప్పుడు కాళ్ళ కింద దిండు పెట్టుకో, డాక్టరుగారికి కూడా ఓసారి చూపించు. అంతేగానీ నీళ్ళు పోవడానికని మందుల షాపులో మాత్ర అడిగి మింగకు. పొటాషియం పడిపోయిందంటే గుండె లయే తప్పుతుంది. ఆయాసం, గుండెదడ, అయోమయం, కళ్ళు తిరిగి పడిపోవడం, వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా చూద్దాంలే అనుకోకు. అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్ళిపోవాల్సిందే.

అమ్మకి ఇంకా కోపం పోలేదట కదా, "అంతంత డబ్బు కట్టించుకుని పిల్లాడికి గంజినీళ్ళు పోశారు" అని. నా మాటగా ఆవిడకి చెప్పు. బాగా చిక్కిపోయిన మనిషికి ఒక్కసారిగా కంచం నిండా పెడితే ప్రాణం మీదికి రావచ్చు. అన్నం లోపలికి వెళ్ళగానే ఇన్సులిన్ పెరుగుతుంది. అది రక్తంలోని ఫాస్ఫరస్‌నీ పొటాషియంనీ మెగ్నీషియంనీ కణాల్లోకి లాగేస్తుంది. నిల్వలు అప్పటికే అడుగంటి ఉంటాయి కదా, రక్తంలో వాటి మోతాదు హఠాత్తుగా పడిపోయి గుండె, ఊపిరి మొరాయిస్తాయి. రీఫీడింగ్ సిండ్రోమ్ అంటాం దీన్ని. రెండో ప్రపంచ యుద్ధంలో చెరలోంచి బయటపడి కడుపారా తిన్న ఖైదీలు కొందరు ఇలాగే పోయారు. అందుకే నీకు ముందు విటమిన్ బి1 ఇచ్చి, రోజూ రక్తం తీసి చూసుకుంటూ కొంచెం కొంచెంగా పెంచారు. ఆ గండం గడిచింది. ఇప్పుడింక నిదానం పేరుతో వెనక్కి తగ్గితేనే ప్రమాదం.

ఇక బొజ్జ గురించి. చేతులూ బుగ్గలూ అలాగే ఉండి పొట్ట ఒక్కటే వస్తోందని ఏడ్చావు. నీలా కోలుకునేవాళ్ళలో చాలామందికి బరువు ముందు నడుము చుట్టూనే చేరుతుంది. సరిపడా బరువుకి చేరి, దాన్ని అక్కడే నిలబెట్టుకుంటే ఏడాదీ ఆపైన మిగతా ఒంటికీ సర్దుకుంటుంది. మధ్యలో బెదిరి తిండి ఆపేశావనుకో, ఆ సర్దుకోవడమే జరగదు. నాలుగు ముద్దలకే కడుపు ఉబ్బిపోవడం వేరే సంగతి. పని లేక జీర్ణాశయం నెమ్మదించింది. వేళకి తింటూ ఉంటేనే దాని వేగం తిరిగొస్తుంది. అప్పటిదాకా ఆకలిని నమ్ముకోకు, గడియారాన్ని నమ్ముకో. మూడు పూటలా భోజనం, మధ్యలో మూడు చిరుతిళ్ళు.

రాత్రింబవళ్ళు తిండి ఆలోచనలే, పిచ్చి పడుతోందేమో అన్నావు. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944లో ఆన్సెల్ కీస్ అనే ఆయన 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. అందరూ మనసొప్పక యుద్ధానికి వెళ్ళబోమని చెప్పినవాళ్ళు, వాళ్ళంతట వాళ్ళే ముందుకొచ్చారు. 24 వారాలు అరకొర తిండి పెట్టేసరికి బరువులో పావు వంతు దాకా పోయింది. వాళ్ళకి అంతకుముందు ఏ మానసిక జబ్బూ లేదు. అయినా వంటల పుస్తకాలు పోగేసుకున్నారు, కంచాలు నాకారు, చలికి వణికారు, చీటికీమాటికీ చిరాకు పడ్డారు. మళ్ళీ తిండి పెట్టాక కూడా నెలల తరబడి ఎంత తిన్నా తీరని ఆకలి. వాళ్ళూ ముందు కొవ్వే ఎక్కువ పట్టి, తర్వాత మామూలయ్యారు. కాబట్టి నీకున్న పిచ్చిలో సగం పస్తుదే, నీది కాదు.

తిండి విషయంలో నిన్ను ఒకటి పట్టుకున్నానురా. ఆస్పత్రిలో అమ్మ పప్పులో నెయ్యి వేస్తే, వేలితో దాన్ని కంచం అంచుకి నెట్టేసి, అవతలి పక్క నుంచి కలుపుకున్నావు. చివర్లో ఆ అంచు మీద కరివేపాకు కప్పేశావు! చూడలేదనుకున్నావేమో. కడుపు చిన్నదైనప్పుడు కుప్పలుగా తినమని ఎవరూ అనరు, తినే కాస్తలోనే బలం ఉండాలి. ఇడ్లీలోకి పల్లీ చట్నీ, కారప్పొడిలో నెయ్యి, అన్నంలో మీగడ పెరుగు, సాయంత్రం సున్నుండ, పడుకోబోయే ముందు చిక్కటి పాలు. పాలల్లో ఫాస్ఫరస్ కూడా బాగా ఉంటుంది. పల్చటి మజ్జిగ, కీర ముక్కలు, పాలు లేని కాఫీ అంటూ కడుపు నింపేసుకునే తెలివితేటలు మాత్రం కట్టిపెట్టు.

కాటా ఇంట్లోంచి తీసెయ్యి. వారానికోసారి క్లినిక్‌లో అంకె వైపు వీపు పెట్టి ఎక్కు, చూసేవాళ్ళు చూసుకుంటారు. ఇంట్లో ఉండి కోలుకునేవాళ్ళు వారానికి అర కిలో అటూఇటూగా పెరిగితే బాగున్నట్టే. ఒక్కోసారి ఎంత తిన్నా బరువు కదలదు, రాత్రుళ్ళు చెమటలు పడతాయి. ఒళ్ళు మరమ్మతు పనిలో పడి ఎక్కువ ఖర్చు పెడుతోందన్నమాట. అప్పుడు మీ డైటీషియన్ ఇంకాస్త పెంచమంటుంది, బేరాలాడకు. పరుగు బూట్లు డాక్టర్ ఊ అనేదాకా అటక మీదే.

అసలు భయమేసింది ఈ ఏడు అయ్యప్ప మాల వేసుకుంటానన్నప్పుడు. 41 రోజుల దీక్ష, మధ్యాహ్నం భిక్ష ఒక్కటే, రాత్రి ఏదో అల్పాహారం. నీ భక్తిని నేను తప్పుపట్టను గానీ, నీలో ఉన్న ఆ రోగానికి అంతకన్నా మంచి ముసుగు దొరకదు. ఇంట్లో ఎవరూ వద్దనలేరు కూడా. గురుస్వామికి ఉన్న విషయం చెప్పు, మాల ఇప్పుడు వద్దని ఆయనే అంటాడు. కార్తీక సోమవారాలకీ ఇదే మాట.

ఊళ్ళోవాళ్ళు "ఒళ్ళు చేశావే" అంటారు, అనకుండా ఉండరు. మీ పెదనాన్నయితే పొట్ట మీద తట్టి మరీ అంటాడు. ఆయనకి ముందే ఓ మాట చెప్పమని మీ చెల్లికి ఫోన్ చేశాను, నువ్వు కోప్పడినా సరే. అర్ధరాత్రి మనసు బాగోక నేను ఫోన్ ఎత్తకపోతే 14416కి చెయ్యి. టెలి మానస్, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆదివారం వస్తున్నా. చేపల పులుసు చెయ్యమని అమ్మకి చెప్పు. తినేటప్పుడు జబ్బు ఊసెత్తను, క్రికెట్ గురించే. కరివేపాకు మాత్రం నా వైపు పెట్టు.

నీ
మురళి