మొక్కల మనిషికి సిమెంటు దిమ్మె వద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం. మొక్కలే లోకంగా బతికిన మనిషి కన్నుమూసినప్పుడు, ఆ పేరు నలుగురి నోటా నిలిచేలా ఏదో ఒకటి చేయాలని ఇరుగుపొరుగువారు తలపెట్టడం సహజం. కానీ మన కాలనీల్లో ఆ తలంపు చాలాసార్లు ఒక నల్లరాతి ఫలకంతోనో, చెట్టు మొదలు చుట్టూ కట్టిన టైల్స్ అరుగుతోనో ముగిసిపోతోంది. ఈ వేసవిలో మేము అటువంటి మిత్రురాలిని పోగొట్టుకున్నాం. ఆమె జ్ఞాపకార్థం పార్కులో ఏం చేయాలన్న మాట మా కాలనీలో ఇంకా నడుస్తోంది. ఈ విషయంలో నా అభిప్రాయం మీ పత్రిక ద్వారా మిగతా కాలనీలవారికీ, నగరపాలక సంస్థకూ చేరాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఉద్యోగ విరమణ తర్వాత ఆమె మేడ మీద పెయింటు డబ్బాల్లో, పాత బకెట్లలో పెంచని కూరగాయ లేదు. వంటింటి చెత్త ఒక్క పిడికెడు కూడా వీధి కుండీకి వెళ్లనిచ్చేవారు కాదు. ఆమె అసలు ఆస్తి మాత్రం విత్తనాలు. ఆనప, పొట్ల, నేతిబీర, చిక్కుడు విత్తనాలను నీడలో ఆరబెట్టి, కాస్త జల్లించిన బూడిద కలిపి, ఖాళీ మందు సీసాల్లో పోసి, ఏ నెలలో పెట్టాలో చీటీ రాసి అంటించేవారు. ఆషాఢంలో పెట్టిన చిక్కుడు పాదు సంక్రాంతికి విరగకాస్తుందని ఆమె చెబితే నమ్మి, మా వీధిలో ఎన్నో ఇళ్లవారు గోడవారన పందిళ్లు వేశారు. అడిగినవారికి విత్తనం ఇచ్చి, కాపు వచ్చాక కొంత విత్తనం తిరిగి తెచ్చివ్వాలన్న షరతు ఒక్కటే పెట్టేవారు.

అటువంటి మనిషికి పార్కు మధ్యలో సిమెంటు దిమ్మె కట్టి, దాని మీద ఫొటో అతికించాలన్న ప్రతిపాదనను నేను మనస్ఫూర్తిగా వ్యతిరేకిస్తున్నాను. ఆ దిమ్మె పక్కనే ఒక మొక్క నాటి, చుట్టూ అందంగా అరుగు కడతామని కొందరు పెద్దలు సర్దిచెబుతున్నారు కానీ, చెట్టుకు అసలు చేటు అక్కడే ఉంది. వేళ్లకు నీరు ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. మొదలుదాకా సిమెంటు పరిస్తే వాన నీరు లోపలికి ఇంకదు, మాను లావయ్యేకొద్దీ ఒరుసుకుపోతుంది, వేళ్లు పట్టు చాలక గాలివానకు మొదటగా ఒరిగేవి అటువంటి చెట్లే. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఆదేశించింది. పేరు రాసిన రేకును మానుకు మేకులతో కొట్టడం కూడా అంతే తప్పు. పేరు తప్పనిసరి అనుకుంటే చెట్టుకు దూరంగా ఒక చిన్న రాయి పాతితే చాలు.

ఇక ఏ చెట్టు అన్నది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మన విశాఖలో పచ్చదనాన్ని ఊడ్చిపెట్టిన సంగతి ఎవరూ మరచిపోలేదు. ఆ తర్వాత త్వరగా నీడ రావాలన్న ఆత్రంలో ఏడాకుల చెట్లు విరివిగా నాటారు. అవి ఏపుగా పెరిగాయి, నిజమే. కానీ చలికాలం మొదట్లో ఆ పూత ఘాటుకు ఊపిరాడడం లేదని జనం ఫిర్యాదు చేయడమూ చూశాం. జ్ఞాపకంగా నాటే చెట్టుకు తొందర పనికిరాదు. పొగడ, పొన్న, కానుగ, గంగరావి మన సముద్రతీరపు ఉప్పుగాలిని ఓర్చుకునే చెట్లు. నన్ను అడిగితే పొగడకే ఓటు వేస్తాను. నెమ్మదిగా పెరిగినా ఏడాది పొడవునా ఆకు నిలుపుకుంటుంది, రాలిన పూలు ఎండిపోయాక కూడా వాసన వదలవు, ఉదయం పిల్లలు ఏరుకోవడానికి చెట్టు కింద పూలు ఉంటాయి. అయితే విద్యుత్ తీగల కింద మాత్రం నాటకూడదు. ఏటా కొమ్మలు నరికించుకునే చెట్టు ఎవరికీ గౌరవం కాదు.

నాటడం ఒక పూట పని, బతికించడం రెండు మూడు వేసవుల పని. తొలకరికి ముందే రెండడుగుల గొయ్యి తీసి ఎండకు ఆరనిచ్చి, మట్టిలో మాగిన పశువుల ఎరువు, కొద్దిగా వేపపిండి కలపాలి. నల్ల కవరును పూర్తిగా చించి తీసి, అడుగున చుట్టుకుపోయిన వేళ్లను చేతివేళ్లతోనే నెమ్మదిగా విడదీయాలి. ఊతకర్రకు వైరుతో కాకుండా పాత చీర పేలికతో వదులుగా కట్టాలి. పక్కనే మూతి పైకి ఉండేలా ఒక మట్టికుండ పాతి నీటితో నింపితే, ఆ చెమ్మ వేళ్ల దగ్గరికే చేరుతుంది, రోజూ బిందెలు మోసే బాధ తప్పుతుంది. ఈ కుండ సంగతి మా వీధికి నేర్పింది ఆమే.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య గారు 2025 ఏప్రిల్ 12న కాలం చేశారు. మెడలో ‘వృక్షో రక్షతి రక్షితః’ అన్న పలకతో తిరుగుతూ, దారి పొడవునా విత్తనాలు చల్లి, కోటికి పైగా మొక్కలు నాటినవారిగా పేరుపొంది, 2017లో పద్మశ్రీ అందుకున్న మనిషి ఆయన. ఆయనను తలచుకోవడమంటే ఎవరైనా ముందు మొక్క గురించే ఆలోచిస్తారు. పేరు వీధి దాటని తోటమాలులకూ అదే మర్యాద దక్కాలి.

నగరపాలక సంస్థకు నా విన్నపం ఇది. ప్రతి కాలనీ పార్కులో ఒక మూలను స్మృతివనంగా కేటాయించి, అక్కడ కట్టడాలకు అనుమతి ఇవ్వకుండా, స్థానిక జాతుల మొక్కలను తమ నర్సరీల నుంచే ఇవ్వాలి. మొక్క తీసుకున్న కుటుంబంగానీ సంక్షేమ సంఘంగానీ మూడేళ్లపాటు నీటి బాధ్యత వహిస్తామని రాసివ్వాలి. బతకని మొక్క స్థానంలో మళ్లీ నాటించే పూచీ కూడా వారిదే కావాలి. ఆ మూలకు ఒక కుళాయి వేయించడం సంస్థకు పెద్ద ఖర్చేమీ కాదు.

మా కాలనీ సంఘానికి కూడా ఒక మాట. మన మిత్రురాలి సంవత్సరీకానికి వచ్చేవారికి స్టీలు గిన్నెలు పంచే ఆలోచన మానుకుందాం. ఆమె సీసాల్లో మిగిలిన విత్తనాలు వారి అమ్మాయి దగ్గర భద్రంగా ఉన్నాయి, పంచడానికి ఆ కుటుంబం సమ్మతించింది. వాటిని చిన్న పొట్లాలు కట్టి, ఆమె రాసిన చీటీల్లోని నెలలు యథాతథంగా ఎత్తిరాసి, ఆమె పెట్టిన షరతుతోనే ఇద్దాం. పొగడ మొక్కకు గొయ్యి తీయడానికి వచ్చే ఆదివారం ఉదయం వీలైనవారు పలుగు, పార తీసుకుని పార్కుకు రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విశాఖపట్నం