ఆ లాంగ్ నోట్‌బుక్ సంగతి

ఒరేయ్ మామా,

మొన్న నీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి గుండె పట్టేసినట్టయి క్యాజువాలిటీకి పరిగెత్తావు. ఈసీజీ బాగుందన్నారు, టెన్షన్ పడకండి అని పంపేశారు. "టెన్షన్ పడకుండా ఎలా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరేంట్రా" అన్నావు చూడు, ఆ మాటే చెవిలో ఉండిపోయింది. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే కూర్చుని రాస్తున్నా.

పోయినేడాది నా అవస్థ నీకు సగమే తెలుసు. నెల నెలా 20వ తేదీ, జీఎస్టీ రిటర్నుల గడువు, దగ్గరపడుతుంటే అన్నం సయించేది కాదు. అన్నీ ఫైల్ చేసి ఇంటికొచ్చి పడుకున్నా, రాత్రి రెండింటికి లేచి లాప్‌టాప్ తెరిచి అయిందా లేదా అని మళ్ళీ మళ్ళీ చూసేవాణ్ణి. మొదట ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే "పాజిటివ్‌గా ఆలోచించండి, పొద్దున్నే నడవండి" అన్నారు. మంచి మాటలే. రాత్రి రెండింటికి మాత్రం ఒక్కటీ అక్కరకి రాలేదు.

ఆ తర్వాతే ఈ ఆన్‌లైన్ థెరపీ. హైదరాబాద్‌లో ఉండే క్లినికల్ సైకాలజిస్ట్ మేడమ్, తెలుగులోనే మాట్లాడతారు. ఆదివారం పొద్దున ఏడింటికి వీడియో కాల్. ఇంట్లో కుదరదని డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చునేవాణ్ణి. "ఏం చేస్తారు, ఊరికే మాట్లాడిస్తారా?" అని అడిగావుగా. పని నేర్పిస్తార్రా. వారం వారం హోంవర్క్ ఇస్తారు, చేయకపోతే ఎందుకు చేయలేదని కూడా అడుగుతారు.

దీన్ని సీబీటీ అంటారు, అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, మన ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకునే పద్ధతి. 1960ల్లో అమెరికాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు తన పేషెంట్లలో ఒకటి గమనించాడట. మనిషిని కుంగదీసే ఆలోచనలు వాటంతటవే గబుక్కున వచ్చేస్తాయి, నిజమో కాదో చూడకుండానే మనం నమ్మేస్తాం. ఆ చూసే పనే మేడమ్ నా చేత చేయించారు, లాంగ్ నోట్‌బుక్‌లో గళ్లు గీయించి.

ఒక పేజీ ఉన్నదున్నట్టు చెప్తాను. రాత్రి 9:40కి ఒక క్లయింట్ మిస్డ్ కాల్. మొదటి గడిలో అదే రాశాను. రెండో గడిలో నాకొచ్చిన ఆలోచన: "రిటర్న్ తప్పయ్యింది, పెనాల్టీ పడింది, మా సార్ నన్ను తీసేస్తారు." ఎంత నమ్ముతున్నావు? నూటికి 90. పక్క గడిలో ఆధారాలు: ఫైల్ అయినట్టు మెసేజ్ వచ్చింది; నోటీసేదీ రాలేదు; ఆయన ఇదివరకు కూడా ఆ టైముకి చేశాడు, పాన్ కార్డు కాపీ కోసం. మళ్ళీ ఎంత నమ్ముతున్నావు? 45. సున్నా కాలేదు చూడు, కానీ ఆ 45తో పడుకోగలిగాను. పొద్దున ఫోన్ చేస్తే గృహప్రవేశానికి పిలవడానికి చేశాడట! ఆ పేజీ ఇప్పటికీ దాచుకున్నాను.

ఇంకోటి దిగులు టైము. సాయంత్రం 6:30 నుంచి 6:45 దాకా, అంతే. పగలు ఏ దిగులొచ్చినా ఒక ముక్క రాసి పక్కన పెట్టి, ఆ పావుగంటలో తీరిగ్గా దిగులుపడాలి. తీరా ఆ టైముకి కూర్చుంటే సగానికి పైగా వాటంతటవే చప్పబడిపోయి ఉండేవి.

అన్నిటికంటే కష్టమైంది లాప్‌టాప్ సంగతి. ఒక్కసారి చూసి మూసెయ్యాలి, మళ్ళీ తెరవకూడదు. మొదటి రాత్రి చేతులు చెమటలు పట్టేశాయి. భయం నూటికి 80. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి ఆరు అంకెలకి వదులుతూ మంచం మీదే కూర్చున్నా. అరగంటకి 35కి దిగింది. దాని మానాన వదిలేస్తే భయం కూడా అలిసిపోతుందని ఆ రాత్రే తెలిసింది, మామా. ఎవరో చెబితే నమ్మేవాణ్ణి కాదు.

నువ్వు ముందు థైరాయిడ్ టెస్టు చేయించుకో, దానివల్ల కూడా గుండె దడ వస్తుంది. థెరపిస్టుని వెతికేటప్పుడు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా, సీబీటీ చేస్తారా అని మొహమాటపడకుండా అడుగు. డబ్బుకి ఇబ్బందైతే ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్ ఉంది, ఫోన్లోనే మానసిక సాయం చేసే హెల్ప్‌లైన్, నంబరు 14416. 2022లో మొదలైంది, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, పైసా కట్టక్కర్లేదు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా. బతకడం ఎందుకు అనే ఆలోచన ఎప్పుడైనా వస్తే వారం వారం జరిగే వీడియో కాల్ కోసం ఆగకు. వెంటనే నాకు చెయ్యి, ఎన్నింటికైనా సరే, ఇద్దరం కలిసి ఆసుపత్రికి వెళ్దాం. మందులు రాస్తే వేసుకో, అందులో తప్పేం లేదు.

20 దాటగానే, 21న బస్సెక్కి వస్తాను. చెల్లెమ్మకి చెప్పు, గోంగూర పచ్చడి తెస్తున్నానని. ఈలోపు ఒక్క పేజీ రాసి ఉంచు, గళ్లు వంకరగా ఉన్నా పర్లేదు. ఆ రాత్రి మీ బాల్కనీలో కూర్చుని ఇద్దరం చూద్దాం.

నీ
మామ