సంతకం పెట్టని క్రీగెల్

ఒరేయ్,

ఎలా ఉన్నావు? దుబ్చెక్ పిరికివాడని మొన్న నువ్వన్న మాట నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. ఫోన్‌లో సరిగా చెప్పలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం.

1968 జనవరిలో చెకోస్లొవేకియా కమ్యూనిస్టు పార్టీ పగ్గాలు ఆయన చేతికొచ్చాయి. ఏప్రిల్‌కల్లా సంస్కరణల కార్యక్రమం ప్రకటించారు, జూన్‌లో సెన్సార్‌షిప్ ఎత్తేశారు. 20 ఏళ్లుగా నోరు కట్టుకుని బతికిన జనం ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. అది మాస్కోకి నచ్చలేదు. ఆగస్టు 20 రాత్రి సోవియట్, పోలండ్, హంగరీ, బల్గేరియా సైన్యాలు దిగాయి. ట్యాంకులకు దారి తెలియకూడదని రాజధాని ప్రాగ్ జనం వీధుల పేర్ల బోర్డులు పీకేశారురా! రేడియో భవనం దగ్గర వట్టి చేతులతో అడ్డం నిలబడ్డారు. ఆ ఏడాది చివరికి 137 మంది పోయారు. భద్రతా మండలిలో ఖండన తీర్మానం వస్తే మన దేశం ఎటూ ఓటు వేయలేదు. అది తలుచుకుంటే నాకిప్పటికీ బాధే.

నేను చెప్పాలనుకున్నది క్రీగెల్ గురించి. స్పెయిన్ అంతర్యుద్ధంలోనూ చైనాలోనూ గాయపడినవాళ్లకు వైద్యం చేసిన డాక్టరు, దుబ్చెక్ పక్కనున్న పార్టీ నాయకుల్లో ఒకడు. అప్పటికి 60 ఏళ్లు, షుగర్ పేషెంటు. దుబ్చెక్‌తో పాటు ఆయన్నీ పట్టుకుని మాస్కో తీసుకెళ్లారు. సోవియట్ షరతులకు తలొగ్గే ఒప్పందం ముందు పెడితే దుబ్చెక్, మిగతావాళ్లు సంతకాలు చేశారు. ఈయనొక్కడే చేయనన్నాడు.

ఇక్కడిదాకా నీ మాటే నిజమనిపిస్తుంది. కానీ తర్వాత జరిగింది చూడు. సోవియట్ వాళ్లు క్రీగెల్‌ను అక్కడే ఉంచేయాలని చూశారు. ఆయన లేకుండా మేం వెళ్లమని దుబ్చెక్ వాళ్లు పట్టుబట్టి వెంట తెచ్చుకున్నారు. తిరిగొచ్చి రేడియోలో మాట్లాడుతుంటే దుబ్చెక్ గొంతు పూడుకుపోయి, మాటమాటకీ ఆగిపోయింది. పిరికివాడనే మాట నా నోటికి రావడం లేదురా.

అక్టోబరులో సోవియట్ సైన్యాన్ని దేశంలో ఉండనివ్వాలా అని పార్లమెంటులో ఓటు పెడితే వద్దన్నది నలుగురే. అందులో ఒకరు క్రీగెల్. పార్టీ ఆయన్ను వెళ్లగొట్టింది. 1977లో మానవ హక్కుల చార్టర్ మీద మాత్రం ఆయన సంతకం పెట్టాడు. 1979లో పోయాడు. ఇంకో పదేళ్లు బతికి ఉంటే, 1989లో అదే జనం వీధుల్లోకొచ్చి కమ్యూనిస్టు పాలన మీద గెలవడం చూసేవాడు.

నువ్వేమంటావో రాయి, ఫోన్ చేయకు. పండక్కి వస్తావుగా, అమ్మని అడిగానని చెప్పు.

నీ
పాత రూమ్మేట్