రెస్టారెంట్ గోడల మీద మన చిత్రాలు: జమా ఖర్చుల వివరణ

చందాలు ఇచ్చినవారికి, చిత్రాలు ఇచ్చినవారికి, గోడలు ఇచ్చిన రెస్టారెంట్ యజమానికి నమస్కారం.

ప్రదర్శన మొదలైన నెలకే ఈ లెక్క చెప్పాల్సింది. ఆలస్యమైంది, ఒప్పుకుంటున్నాం. ఆ ఆలస్యానికి కారణం ఖర్చుల్లో ఎనిమిదో పద్దు, అంటే వంటగది ఎదుటి గోడ మీద చెమ్మకి పాడైన చిత్రాల ఖర్చు. మీరంతా అడుగుతున్నదీ దాని గురించే. కాబట్టి మిగతావి గబగబా చెప్పేసి అక్కడికి వస్తాం.

ముందుగా ఒక మాట. ఇక్కడ రూపాయలు రాయలేదు. మొత్తం జమను 100 వంతులు అనుకుని, ఏ పద్దుకి ఎన్ని వంతులో రాశాం. తాము ఎంత ఇచ్చిందీ బయటికి చెప్పొద్దని కొందరు చందాదారులు ముందే షరతు పెట్టారు. మొత్తం చెబితే ఎవరిది ఎంతో లెక్కగట్టడం మనవాళ్ళకి పది నిమిషాల పని. రూపాయి పైసలతో సహా రాసిన పుస్తకం, రసీదులు, వోచర్లు కోశాధికారి ఇంట్లో ఉన్నాయి. "వంతులు చెప్పి రూపాయలు దాచారు" అని వాట్సాప్‌లో రాసేముందు ఒక్కసారి వచ్చి ఆ పుస్తకం తిరగేయండి. ఇప్పటిదాకా వచ్చి చూసింది ఇద్దరే. ఆ ఇద్దరూ మమ్మల్ని అనుమానించినవాళ్ళు కాదు.

జమ

చిత్రకారుల ప్రవేశ రుసుము: 22
చందాలు: 41
రెస్టారెంట్ యజమాని ఇచ్చింది: 15
అమ్ముడైన చిత్రాల మీద కమిటీ వాటా: 12
కార్డులు, ప్రింట్ల అమ్మకం: 10
మొత్తం: 100

ప్రవేశ రుసుములో ఒకరికి వాపసు ఇచ్చింది తీసేయగా మిగిలింది 22. ఆ చిత్రకారుడు ఒక రాత్రి కుటుంబంతో అక్కడ భోజనానికి వెళ్ళారు. తన చిత్రం కింద కూర్చున్నవాళ్ళు భోజనం ముగించి లేచేదాకా ఒక్కసారైనా తల ఎత్తి చూడలేదని నొచ్చుకుని, మర్నాడే నాలుగు చిత్రాలూ దింపించుకున్నారు. "మధ్యలో పోయినవాడికి వాపసు ఎందుకు?" అని మీలో కొందరు అన్నారు. ఇలాంటి అలక మనకే కొత్త కాదు. న్యూయార్క్‌లో సీగ్రమ్ భవనంలోని రెస్టారెంట్ కోసం 1958లో మార్క్ రాత్కో అనే అమెరికన్ చిత్రకారుడు పెద్ద పెద్ద చిత్రాలు వెయ్యడానికి ఒప్పుకున్నాడు. ఆ తర్వాత అక్కడ భోజనానికి వెళ్ళొచ్చి, నా చిత్రాలు ఇక్కడ వేలాడవని తీసుకున్న సొమ్ము తిరిగిచ్చేశాడు. ఆయన అంతవాడు డబ్బు వెనక్కిచ్చాడు. మా చిత్రకారుడు మా దగ్గరే వెనక్కి తీసుకున్నారు, అంతే తేడా.

కమిటీ వాటా అంటే అమ్ముడైన చిత్రం ధరలో నూటికి ఇరవై. గ్యాలరీలు సగం దాకా తీసుకోవడం మామూలే. రెస్టారెంట్ వాళ్ళు అమ్మకంలో ఒక్క పైసా తీసుకోలేదు. పైగా కరెంటు ఖర్చు వాళ్ళదే. వారికి ఎన్నిసార్లు కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. కార్డులకి ప్రతి చిత్రకారుడి దగ్గరా రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాం. చిత్రం కొన్నంత మాత్రాన దాన్ని అచ్చు వేసుకునే హక్కు రాదని కొనుక్కున్న ఇద్దరికి నచ్చజెప్పడానికి కాస్త టైం పట్టింది.

ఇక చెప్పినా రానివి. ప్రారంభం రోజు మైకులో ప్రకటించి ఇప్పటికీ ఇవ్వనివి మొత్తం 17 వంతులు. పై 100లో ఇవి లేవు. పేర్లు రాయడం లేదు. వాళ్ళకి తెలుసు, మాకు తెలుసు, చప్పట్లు కొట్టిన మీకూ తెలుసు. అందులో ఒకరు, తమవాళ్ళబ్బాయి చిత్రం గుమ్మం ఎదురుగా పెడితేనే ఇస్తామన్నారు. పెట్టలేదు, రాలేదు. మరొకరు డబ్బుకి బదులు తమ ఇంట్లో మార్చేసిన పాత హాలోజెన్ దీపాలు ఒక అట్టపెట్టె నిండా పంపారు. అవి చిత్రాల దగ్గర పెడితే వేడి. పెట్టె అలాగే ఉంది, ఎప్పుడొచ్చినా తీసుకెళ్ళొచ్చు.

ఖర్చు

1. ఫ్రేములు, అద్దాలు, మౌంట్లు (ఫ్రేములో చిత్రం చుట్టూ పెట్టే అట్టలు): 38
2. గోడ రైళ్ళు (తీగలు దించే పట్టీలు), తీగలు, కొక్కేలు: 11
3. దీపాలు: 14
4. పేరు చీటీలు, అచ్చు పని: 5
5. రవాణా: 4
6. బీమా: 3
7. ప్రారంభం రోజు: 3
8. వంటగది ఎదుటి గోడ: 16
మొత్తం: 94
చేతిలో నిల్వ: 6

ఒకటో పద్దు పెద్దదే. "1900లో బార్సిలోనాలో పికాసో తన ఒక్కడి చిత్రాలతో మొదటి ప్రదర్శన ఒక హోటల్లోనే పెట్టాడు, ఫ్రేముల్లేకుండా కాగితాలు గోడకి గుచ్చేశాడు, మనకెందుకు ఈ హంగులు?" అని ఒక పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్న. అప్పటికి పికాసోకి 18 ఏళ్ళు, చిత్రాలన్నీ ఆయనవే, పాడైతే తిట్టుకునేదీ ఆయనే. మా గోడల మీద ఉన్నవి ఇంకొకళ్ళ సొత్తు. ఆ హోటల్ కూడా 1903లో మూతపడింది లెండి.

రెండో పద్దు గోడలకి మేకులు కొట్టకూడదన్న యజమాని షరతు వల్ల వచ్చింది. పైన రైలు బిగించి, దాని నుంచి తీగలు దించి, ప్రతి ఫ్రేముకీ వెనక రెండు వైపులా రింగులు పెట్టాం. ఒకే కొక్కానికి తగిలిస్తే తలుపు గట్టిగా వేసినప్పుడల్లా చిత్రం ఒక పక్కకి ఒరుగుతుంది. ఎత్తు గురించి కూడా గొడవ జరిగింది. గ్యాలరీల్లో చిత్రం మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండేట్టు వేలాడదీస్తారు. అది నిలబడి చూసేవాళ్ళ లెక్క. ఇక్కడ కూర్చునేవాళ్ళ కళ్ళకి అందాలి, అలాగని కుర్చీ వీపు తగలకూడదు, తలలు ఆనకూడదు. చివరికి కుర్చీల్లో మేమే కూర్చుని, తల వెనక్కి వాల్చి చూసుకుని గుర్తులు పెట్టాం.

దీపాలు ఎల్ఈడీలు. నిలువు నుంచి 30 డిగ్రీల వాలులో పెడితే అద్దం మీద మెరుపు రాదు, తినేవాళ్ళ కళ్ళల్లోనూ పడదు. కాగితం మీది నీటిరంగులకి మ్యూజియంలు వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వవు, తైలవర్ణాలకి 200 దాకా ఒప్పుకుంటాయి. "మా బొమ్మ చీకట్లో ఉంది" అన్నవారికి ఇదే జవాబు. వెలుతురుకి వెలిసిన రంగు దీపం ఆర్పినంత మాత్రాన తిరిగి రాదు.

నాలుగు, ఏడు పద్దులకి చెప్పేదేం లేదు. అయిదులో ఒక ఆటో ట్రిప్పుకి రసీదు లేదు, తెల్లకాగితం మీద రాసి ఇద్దరం సంతకం పెట్టాం. బీమా సంగతి కింద వస్తుంది.

ఇప్పుడు ఎనిమిదో పద్దు.

వంటగది తలుపుకి ఎదురుగా ఉన్న గోడ చిన్నది. అసలు ప్లాన్‌లో అక్కడ తైలవర్ణ చిత్రాలు అనుకున్నాం. తీరా వచ్చిన తైలవర్ణాలన్నీ పెద్ద సైజువి, ఆ గోడకి పట్టలేదు. చిన్నవి నీటిరంగులే. రేపు ప్రారంభం, రాత్రి పదకొండైంది, ఆరు నీటిరంగు చిత్రాలు అక్కడ తగిలించేశాం. తప్పు మాదే. అప్పుడు వద్దన్న సభ్యుడు ఒక్కరే. ఇప్పుడు "నేను ముందే చెప్పాను" అంటున్నవాళ్ళు ఏడుగురు.

మూడో వారంలో క్యాషియర్ ఫోన్ చేసి, బొమ్మలకి చెమట పడుతోందన్నాడు. వెళ్ళి చూశాం. అద్దం బయట వేలితో గీస్తే జిడ్డులో దారి పడింది. అది తుడిస్తే పోయేది. అసలు సమస్య లోపల. అద్దం కింది అంచున, లోపలి వైపు, ఆవగింజంత నీటిబొట్లు వరసగా నిలబడి ఉన్నాయి. మూడు చిత్రాల మౌంట్ మీద చుక్కలు చుక్కలుగా బూజు. ఒకదానిలో చెరువు బొమ్మ ఉంది. ఆ చెరువు నీలం గట్టు దాటి, గట్టు మీది తాటిచెట్టు మొదలు దాకా పాకింది. వేసినావిడ దాన్ని చేతుల్లోకి తీసుకుని, "చెరువు తెగింది" అన్నారు. ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఎందుకలా అయిందంటే, తలుపు తెరిచినప్పుడల్లా వంటగది నుంచి వేడి ఆవిరి వస్తుంది. గోడ ఏసీ చల్లదనంలో ఉంటుంది. చల్లని అద్దం తగిలిన ఆవిరి నీరవుతుంది. ఫ్రేము వెనక సందులు మూసి ఉంటే, అద్దానికీ కాగితానికీ మధ్య కాస్త ఖాళీ ఉంటే చాలావరకు తప్పేది. మా ఫ్రేముల్లో ఆ రెండూ లేవు. మౌంట్ పల్చన, కాగితం వెళ్ళి అద్దానికే అంటుకుంది. నీటిరంగులో రంగుపొడిని పట్టి ఉంచేది ఒక జాతి తుమ్మ బంక. ఎండిపోయాక కూడా నీళ్ళు తగిలితే కరుగుతుంది. తైలవర్ణానికి, అక్రిలిక్‌కి ఆ బాధ లేదు.

16 వంతులు ఇలా పోయాయి. మిగిలిన అయిదు చిత్రాల ఫ్రేములు విప్పి, ఆమ్లం లేని మౌంట్ బోర్డుతో, అద్దానికి ఎడం పెట్టి, వెనక టేపు వేసి మళ్ళీ కట్టించడానికి 6. కాగితం ఆరబెట్టి, బూజు తీసిన నిపుణురాలికి 3. చెరువు చిత్రం వేసినావిడకి పరిహారం 5. ఆ గోడకి ఇప్పుడు పెట్టిన సెరామిక్ పలకల బిగింపుకి 2. పలకలు కాల్చినవి, గుడ్డ పెట్టి తుడుచుకోవచ్చు. వాటిని చేసినతను రుసుము కట్టి మరీ ఇచ్చాడు, అతనికి ధన్యవాదాలు.

అయిదు వారాలు ఆ గోడ ఖాళీగా ఉండి తీగలు వేలాడాయని ఫొటోలు తీసి పెట్టారు. తడిసిన కాగితాన్ని హెయిర్ డ్రయర్ పెట్టి ఆరబెడితే ముడుచుకుపోతుంది. అద్దుడు కాగితాల మధ్య పెట్టి, బరువు పెట్టి, కాగితాలు మారుస్తూ మెల్లగా ఆరనివ్వాలి. ఆ తర్వాత ఫ్రేములవాడి దగ్గర వరస. లెక్క రాయడం ఆలస్యమైందీ అందుకే, ఆ బిల్లులు అందేదాకా ముగించలేం.

ఫ్రేములవాడి దగ్గరే వసూలు చెయ్యాల్సిందన్నారు. మేమిచ్చిన చీటీలో "ఫ్రేము, మౌంటు, అద్దం" అనే ఉంది. ఎడం పెట్టమని, వెనక మూయమని రాయలేదు. రాసినట్టే చేసినవాణ్ణి ఏమని అడుగుతాం? రెండోసారి కూడా అతని దగ్గరికే వెళ్ళాం, కూలి తగ్గించాడు. తగ్గించిన తర్వాతిదే ఆ 6.

బీమా ఉంది కదా అన్నారు. పాలసీ కింద పడి పగిలితే, దొంగతనం జరిగితే, నిప్పంటుకుంటే ఇస్తుంది. మెల్లగా పట్టిన చెమ్మకీ బూజుకీ ఇవ్వదని అందులోనే రాసి ఉంది. క్లెయిమ్ పెట్టి చూశాం, ఆ పేరానే చూపించారు.

ఇక అసలు గుసగుస. పరిహారం తీసుకున్న చిత్రకారిణి మా కమిటీ సభ్యురాలికి తోడికోడలు. నిజమే. పరిహారం గురించి చర్చించిన సమావేశం మినిట్స్‌లో ఆ విషయమే మొదటి వాక్యం. ఆ చర్చ జరిగినంతసేపూ ఆ సభ్యురాలు బయట వరండాలో కూర్చున్నారు, మిగిలిన వాళ్ళం సంతకాలు పెట్టాం. ఎంత ఇవ్వాలో మేం కొత్తగా ఊహించలేదు. ప్రారంభం రోజు అచ్చైన ధరల పట్టికలో ఆ చిత్రం ధర ఉంది. అమ్ముడై ఉంటే మా వాటా ఇరవై పోగా ఆమెకి ఎంత వచ్చేదో అంతే ఇచ్చాం. "అమ్ముడవుతుందని గ్యారంటీ ఏంటి?" అని ఒకరు అడిగారు. లేదు. అరువు తెచ్చుకున్న సైకిల్ పోగొట్టి, దాన్నెవరూ కొనేవాళ్ళు కాదులే అనగలమా? ఆమె మాత్రం అడగలేదు, మేమే ఇచ్చాం. తోడికోడలని ఎక్కువ ఇవ్వలేదు, మాట వస్తుందని తక్కువా ఇవ్వలేదు.

చేతిలో ఉన్న 6 వంతులు చిత్రాలు దింపే రోజు కూలికి, గోడల రంగు సరిచెయ్యడానికి ఉంచాం. మైకులో ప్రకటించిన ఆ 17 వస్తే చందాదారులను పిలిచి అడిగి, తర్వాతే ఖర్చు పెడతాం. రాకపోతే ఇంకోసారి ఫోన్ చేస్తాం, దయచేసి ఎత్తండి.

చెరువు చిత్రాన్ని ఆమె తీసుకెళ్ళలేదు, కమిటీకే వదిలేశారు. కోశాధికారి బీరువాలో, లెక్కల పుస్తకం పక్కనే, రెండు అట్టల మధ్య ఉంది. పుస్తకం చూడ్డానికి వచ్చేవారికి దాన్ని కూడా తీసి చూపిస్తారు. సాయంత్రం ఆరు తర్వాత రండి.

కమిటీ తరఫున,
కోశాధికారి